లీటరు ఇథనాల్‌కు ఎన్ని నీళ్లు?

పోచారం

చిరంజీవి శ్రావణికి ఆశీస్సులు.

పెట్రోల్‌లో ఇథనాల్ కలపడం మంచిదేనా అని అడిగావు. దీనికి జవాబు ఇంజనులో కాదు బిడ్డా, పొలంలో వెతకాలి. 2013-14లో నూటికి రెండు పాళ్లు కూడా లేని ఇథనాల్ వాటా 2022 జూన్‌కు పదికి, 2025లో ఇరవైకి చేరింది. అందుకు ఏడాదికి సుమారు వెయ్యి కోట్ల లీటర్లు కావాలి. ఫ్యాక్టరీ ఎవరైనా కడతారు. దానికి ముడిసరుకు ఏ పంట, ఆ పంటకు నీళ్లు ఎక్కడివి అన్నదే అసలు లెక్క.

మన ప్రాజెక్టుతోనే వేసి చూద్దాం. 1922లో పూర్తయిన పోచారంలో పూడిక పోగా ఇప్పుడు నిలిచేది 1.82 టీఎంసీలు, అంటే దాదాపు 5,150 కోట్ల లీటర్లు. చెరుకు నుంచి లీటరు ఇథనాల్ రావాలంటే 2,860 లీటర్ల నీళ్లు పడతాయని నీతి ఆయోగ్ 2021లో చెప్పింది. నిండు పోచారాన్నంతా చెరుకుకే పారించినా చేతికొచ్చేది 1.8 కోట్ల లీటర్లు. రోజుకు 60 వేల లీటర్లు తీసే ఓ మోస్తరు డిస్టిలరీకి అది 300 రోజుల పని. ఆ ఏడాది పది వేల ఎకరాల ఆయకట్టులో గింజ వరి పండదు మరి! చెరుకు తాగే నీళ్లలో వాన వాటా కూడా ఉంటుంది కనుక ఇది ముతక లెక్కే, కానీ సంగతి అర్థం కావడానికి చాలు. చక్కెర తీశాక మిగిలే మొలాసిస్ మాట వేరు. దాని నీళ్ల ఖర్చు చక్కెర ఖాతాలోనే పడిపోయింది.

నీళ్లు తక్కువ తాగే పంట వేస్తే సరిపోదా అంటావు. అదీ మన పక్కనే చేసి చూశారు. ఇక్రిశాట్ తోడ్పాటుతో సంగారెడ్డి దగ్గర రుస్ని డిస్టిలరీ 2007లో తీపి జొన్న నుంచి ఇథనాల్ తీసింది. నాలుగు నెలల పంట, కంకి తిండికి, దంటులోని రసం ఇంధనానికి. కాగితం మీద ఇంతకన్నా చక్కని ఏర్పాటు ఉండదు. కానీ కోసిన దంటును ఒకటి రెండు రోజుల్లో గానుగాడకపోతే రసమూ తీపీ తగ్గిపోతాయి. పొలాలన్నీ ఒక్కసారే కోతకొస్తే మిషను అందుకోలేదు, కోతలైపోతే దానికి పనే ఉండదు. అందుకే మెదక్ జిల్లా ఇబ్రహీంబాద్‌లో ఊళ్లోనే రసం తీసి, కాచి, పాకంగా పంపే పద్ధతి పెట్టి చూశారు. తెలివైన ఆలోచనే, కాని అప్పట్లో లీటరు ఇథనాల్‌కు దక్కిన 27 రూపాయలతో అది గిట్టుబాటు కాలేదు.

మక్కలతో రైతుకు ధర వస్తోంది కదా అనేవాళ్ల మాటను నేను కొట్టిపారేయను. టన్నుకు 380 లీటర్లు వస్తాయి, గింజ నిలవ ఉంటుంది, కామారెడ్డి రైతుకు ఇంకో కొనుగోలుదారు దొరుకుతాడు. అయితే కోళ్లకూ దాణా అదే. మక్కలు ఎగుమతి చేసే మన దేశం 2024లో దిగుమతి చేసుకుంది. అంతకు ముందు ఏడాది వానలు తగ్గగానే కేంద్రం ఇథనాల్‌కు చెరుకు రసం వాడకంపై ఆంక్షలు పెట్టింది, ఎఫ్‌సీఐ బియ్యం ఇవ్వడం ఆపింది. ఒక్క కరువుకే తడబడే ఇంధనాన్ని పునరుత్పాదకం అనడానికి నాకు నోరు రాదు.

అందుకే నేను వరిగడ్డి వైపు మొగ్గుతాను. పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ 2022లో ప్రారంభించిన ప్లాంటు లక్ష్యం ఏడాదికి రెండు లక్షల టన్నుల గడ్డితో మూడు కోట్ల లీటర్లు. గడ్డిలోని సెల్యులోజ్ మొండిది. ఆవిరితో, ఎంజైములతో విడగొట్టాలి కనుక ఖర్చెక్కువ. గడ్డి బర్రెల మేత కదా అంటే, ముందు బర్రెలకే. నేననేది కోత మిషను వెళ్లాక మడిలో తగలబెట్టే గడ్డి గురించి. బండ్లు, ఆటోలు బ్యాటరీకి మారిపోతే ఇదంతా ఎందుకనే వాళ్లూ ఉన్నారు. మారితే మంచిదే, విమానాలకు మాత్రం ద్రవ ఇంధనం చాలాకాలం కావాలి, ఇథనాల్ నుంచి దాన్నీ చేయవచ్చు.

ఈ యాసంగి కోతలప్పుడు ఎకరాకు ఎంత గడ్డి మిగులుతుందో, కట్టలు కట్టించి కామారెడ్డి చేర్చడానికి టన్నుకు ఎంతవుతుందో కనుక్కుని రాయి. ఆ రెండో అంకె తేలాకే ప్లాంటు మాట మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ తాత