యువతరము – మత్తు వ్యసనము

తెలుగు తీరపు రేవులనుండి ఓడలెక్కి రంగూను చేరిన కూలీలు రేవుకట్టలపైనను, బియ్యపు మిల్లులలోను రెక్కలు ముక్కలు చేసికొని పనిచేసిరి. ఆనాటి ఆంగ్ల ప్రభుత్వము లైసెన్సు దుకాణములలో నల్లమందు అమ్మించి ఆదాయము గడించెను. అలసినవానికి మత్తు చూపుట ఈ నగరమునకు క్రొత్త కాదు. నేడు సరకు మారినది, కొనువాని వయస్సు తగ్గినది.

ఆఫ్గనిస్థానమున 2022లో గసగసాల సాగు నిషేధింపబడెను. మరుసటి యేట సుమారు 1,080 టన్నుల నల్లమందుతో మయన్మారు ప్రపంచమున మొదటి స్థానమునకు వచ్చెనని ఐక్యరాజ్యసమితి అంచనా. అయినను యువకులకు అంతకంటె చేరువైనది మెథాంఫెటమిన్ మాత్ర. కెఫీను కలిపి షాన్ రాష్ట్రమున తయారుచేయు ఈ చవక మాత్రను యాబా అందురు. ఇది నిద్రను, ఆకలిని అణచును. రాత్రిపనికో, పరీక్షకో మొదలైన అలవాటు క్రమముగా అనుమానమునకు, భ్రమలకు, గుండెజబ్బునకు దారితీయును.

మంచిచెడ్డలు తూచు మెదడుభాగము ఇరువదియైదేండ్ల వరకు పూర్తిగా పరిణతి చెందదు. కనుక కౌమారమున అంటిన వ్యసనము త్వరగా వేరూనును. వ్యసనమునకు కారణము ఒక్కటి కాదు. చెలికాండ్ర ప్రోద్బలము, ఇంటి కలహములు, తీరని దిగులు, చదువు ఆగుట అందు ముఖ్యమైనవి. 2020 నాటి మహమ్మారి, 2021 ఫిబ్రవరి తరువాతి కల్లోలము అనేకులను బడికి దూరము చేసినవి.

పొగాకు, మద్యము చిన్నతనముననే మరగుట మరియొక కారణము. పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదని 2006 నాటి చట్టము చెప్పుచున్నది. అయినను కిళ్ళీకో, చుట్టకో పిల్లవానిని అంగడికి పంపు పెద్దలున్నారు. నివారణ అచటనే ఆరంభము కావలెను.

నిద్ర తప్పుట, చిక్కిపోవుట, స్నేహితులు మారుట, ఇంట సొమ్ము మాయమగుట గమనింపదగిన గురుతులు. ఇవి కనబడినంతనే కొట్టుట, గెంటివేయుట తగదు. నెమ్మదిగా అడిగి, వినవలెను. హెరాయిన్ వ్యసనమునకు మెథడోన్ చికిత్స కలదు. యాబాకు అట్టి స్థిరపడిన మందు లేదు; వైద్యుని సలహా, నియమిత దినచర్య, కుటుంబము తోడు అవసరము.

వ్యసనపరుడు పేరు నమోదు చేయించుకొననిచో విధించుచుండిన చెరశిక్షను 2018 సవరణలో తొలగించిరి. మత్తుమందు దగ్గర ఉంచుకొనుట నేటికిని నేరమే. పరువుకు వెరచి దాచిన యింట చికిత్స ఆలస్యమగును. బిడ్డ నిజము చెప్పగల యిల్లే వానికి మొదటి రక్ష.