ఏం మారిందో ఏఐ చెబుతుంది... ఎందుకు మారిందో మనమే చెప్పాలి

డిగ్రీలో ఫిజిక్స్ ప్రాక్టికల్స్ చేసినవారికి ల్యాబ్ రికార్డు గుర్తుండే ఉంటుంది. ఒక రీడింగును కొట్టేసి కొత్తది వేస్తే, ఎందుకు మార్చామో పక్కనే రాయాలి. లేదంటే నెల తర్వాత ఆ పేజీ మనకే అర్థం కాదు.

సాఫ్ట్‌వేర్ రాసేవారికీ ఇలాంటి రికార్డు ఉంది. దాన్నే వెర్షన్ కంట్రోల్ అంటారు. ఇందులో విస్తృతంగా వాడుకలో ఉన్న ‘గిట్’ను లినక్స్ కెర్నెల్ అభివృద్ధి కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించారు. కోడ్‌లో చేసిన మార్పులను భద్రపరిచే ఒక్కో నమోదును ‘కమిట్’ అంటారు. ఎవరు, ఎప్పుడు మార్చారన్నది గిట్ తనంతట తానే రాసుకుంటుంది. ఎందుకు మార్చారన్నది మాత్రం మనిషి రాయాలి. అదే కమిట్ సందేశం. ఇప్పుడు ఆ పనినీ ఏఐ సహాయకులకు అప్పగిస్తున్నారు.

ఏఐ ఎలా రాస్తుంది?

పాత కోడ్‌కూ కొత్త కోడ్‌కూ ఉన్న తేడాను ‘డిఫ్’ అంటారు. తీసేసిన వరుసలకు మైనస్, చేర్చిన వరుసలకు ప్లస్ గుర్తు ఉంటుంది. ఏఐ సహాయకుడు ప్రధానంగా ఈ డిఫ్‌నే చదువుతుంది. దాని వెనుక ఉన్న భాషా నమూనా, శిక్షణలో చూసిన కోడ్, రాతల ఆధారంగా తర్వాత ఏ మాట రావచ్చో అంచనా వేస్తూ సందేశాన్ని అల్లుతుంది. మొదటి వరుస సుమారు 50 అక్షరాల్లో ముగించడం, ఒక ఖాళీ వరుస, ఆపై వివరణ అనే ఆనవాయితీని చక్కగా పాటిస్తుంది. ‘చిన్న మార్పులు’ అని రాసి వదిలేసే అలవాటుతో పోలిస్తే ఇది మెరుగే.

లోపం ఎక్కడ?

లోలకం డోలన కాలాన్ని లెక్కించే ఒక ప్రోగ్రామ్‌ను ఊహించుకుందాం. అందులో గురుత్వ త్వరణాన్ని 9.8 నుంచి 9.78కి మార్చారు. ఏఐ ఇలా రాయవచ్చు: ‘మరింత కచ్చితత్వం కోసం విలువ సవరణ’. చదవడానికి సబబుగానే ఉంది. కానీ అసలు కారణం వేరు. ఆ ప్రయోగం జరిగేది హైదరాబాద్‌లో. అక్కడ ఈ విలువ సుమారు 9.78. ఢిల్లీలో సుమారు 9.79. భూమధ్యరేఖ నుంచి దూరం జరిగే కొద్దీ ఈ విలువ పెరుగుతుంది.

సందేశాన్ని నమ్మి ఢిల్లీలో ఎవరైనా అదే కోడ్ వాడితే, లోలకం లెక్కలో రోజుకు అర నిమిషానికి పైగా తేడా వస్తుంది. తప్పు కోడ్‌లో లేదు, దాని గురించి రాసిన మాటలో ఉంది. ‘హైదరాబాద్’ అన్న మాట డిఫ్‌లో లేదు కాబట్టి ఏఐకి తెలిసే దారే లేదు. తెలియని చోట ఆగకుండా, నమ్మదగినట్టు కనిపించే కారణాన్ని అది కల్పించగలదు.

ఈ సందేశాల విలువ తప్పులు వెతికేటప్పుడు తెలుస్తుంది. గిట్‌లో ‘బైసెక్ట్’ అనే సదుపాయం ఉంది. ప్రతిసారీ సగం కమిట్‌లను పక్కనపెడుతూ, 1,024 కమిట్‌లలో లోపం ఉన్నదాన్ని సుమారు 10 పరీక్షల్లో పట్టిస్తుంది. తీరా దొరికాక అక్కడి కారణమే తప్పయితే, సవరించేవారు దారి తప్పుతారు.

ఎలా వాడుకోవాలి?

* ఒక కమిట్‌లో ఒకే మార్పు ఉంచండి. డిఫ్ చిన్నదైతే ఏఐ పొరపాట్లూ తగ్గుతాయి.
* కారణాన్ని ముందుగా ఒక్క వాక్యంలో ఏఐకి మీరే చెప్పండి.
* వచ్చిన సందేశాన్ని డిఫ్‌తో పోల్చి చదవండి. పరీక్షించకుండానే ‘వేగం పెరిగింది’, ‘లోపం పోయింది’ అని ఉంటే తీసేయండి.
* చాలా సహాయకులు డిఫ్‌ను బయటి సర్వర్‌కు పంపుతాయి. పాస్‌వర్డులు, రోగుల వివరాల వంటివి అందులో లేవని ముందే చూసుకోండి.

సందేశం ఏఐ రాసినా కమిట్‌పై ఉండేది మీ పేరే. ల్యాబ్ రికార్డు పక్కవాళ్లతో రాయించుకున్నా, వైవాలో జవాబు చెప్పాల్సింది మనమే కదా!