గ్లూటెన్ పరీక్షల్లో కొత్త కొలువులు

ప్యాకెట్ మీద ‘గ్లూటెన్ ఫ్రీ’ అని ముద్రించడం తేలికే. ఆ మాట నిజమో కాదో తేల్చాల్సింది ల్యాబ్‌లోని అనలిస్టు. సీలియాక్ వ్యాధి ఉన్నవారికి గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ ప్రొటీన్లు చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తాయి. వారికి జీవితాంతం పథ్యమే వైద్యం. ఫుడ్ టెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, అనలిటికల్ కెమిస్ట్రీ చదివేవారికి ఇక్కడ మంచి భవిష్యత్తు ఉంది, బరువైన బాధ్యతా ఉంది.

పని ఏమిటి?

‘గ్లూటెన్ ఫ్రీ’ అనాలంటే కిలో ఆహారంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదన్నది అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ నియమం. మన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ హద్దు కూడా ఇంచుమించు అదే. కిలో రాగుల్లో అయిదారు గోధుమ గింజలు కలిసినా ఆ హద్దుకు చేరినట్టే.

కొలవడానికి ఎక్కువగా వాడేది ఎలైసా. ఇందులో ఆర్5 వంటి యాంటీబాడీలు గ్లూటెన్‌ను పట్టుకుంటాయి, వచ్చిన రంగును బట్టి పరిమాణం లెక్కిస్తారు. అయితే బీరు వంటి పులియబెట్టిన పదార్థాల్లో ప్రొటీన్ చిన్న ముక్కలైపోతుంది. శాండ్‌విచ్ ఎలైసా రెండు చోట్ల పట్టుకోవాలి కాబట్టి వాటిని సరిగ్గా లెక్కించలేదు. అక్కడ కాంపిటీటివ్ ఎలైసా వాడతారు.

కొత్తగా బలపడుతున్నది ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ (లిక్విడ్ క్రొమాటోగ్రఫీ-మాస్ స్పెక్ట్రోమెట్రీ). ఎంజైములతో ప్రొటీన్‌ను పెప్టైడ్లుగా కోసి, ద్రవ్యరాశిని బట్టి గుర్తిస్తారు. వచ్చింది గోధుమ నుంచా, బార్లీ నుంచా అన్నదీ తెలుస్తుంది.

నైపుణ్యం ఎక్కడ?

అసలు పనితనం శాంపిల్ తయారీలో ఉంది. రాగిపిండినే తీసుకోండి. ఆర్5 ఎలైసాకు పావు గ్రాము పిండి తూచి, ద్రావణం కలిపి, 50 డిగ్రీల వద్ద 40 నిమిషాలు ఉంచుతారు. రాగుల్లోని పాలీఫినాల్స్ గ్లూటెన్‌కు అతుక్కుని దాన్ని బయటికి రానివ్వవు. అందుకే వెన్న తీసిన పాలపొడి కలుపుతారు. ఆ సంగతి తెలియకపోతే ఫలితం తక్కువగా వస్తుంది, రోగి నష్టపోతాడు. పావు గ్రాము మొత్తం బస్తాకు ప్రతినిధి కావాలంటే శాంపిల్‌ను ముందు మెత్తగా పొడి చేసి బాగా కలపాలి.

ఏం చదవాలి?

ఇంటర్ ఎంపీసీ తర్వాత ఎప్‌సెట్‌తో బాపట్ల, రుద్రూర్ కాలేజీల్లో బీటెక్ ఫుడ్ టెక్నాలజీ చేయవచ్చు. పీజీకి మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ, నిఫ్టెమ్ ఉన్నాయి. బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ, కెమిస్ట్రీ కూడా పనికొస్తాయి. ప్రభుత్వ ఫుడ్ అనలిస్టు కావాలంటే తగిన డిగ్రీ, ఆహార విశ్లేషణలో మూడేళ్ల అనుభవం, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పరీక్షలో ఉత్తీర్ణత ఉండాలి.

ఎన్‌ఏబీఎల్ గుర్తింపు పొందిన ల్యాబ్‌లు, ఆహార కంపెనీల క్వాలిటీ విభాగాలు, ఎగుమతి సంస్థలు, టెస్ట్ కిట్ తయారీదారుల వద్ద ఉద్యోగాలుంటాయి. ఇంటర్వ్యూకు వెళ్లేముందు ల్యాబ్‌ల ప్రమాణం ఐఎస్ఓ/ఐఈసీ 17025, మెథడ్ వ్యాలిడేషన్, రికవరీ లెక్కలు నేర్చుకోండి.

ఏ యంత్రం మీద పనిచేసినా రిపోర్టు మీద సంతకం మీదే. డిగ్రీ చివరి ఏడాదిలోనే దగ్గర్లోని ఫుడ్ ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ అడగండి. ప్రొటీన్ కెమిస్ట్రీ మీద పట్టున్న అనలిస్టుకు ఏ కొత్త పద్ధతి వచ్చినా పని తగ్గదు.