ఉన్నత పర్వతారోహణము - శరీరము నేర్చు పాఠము

2014వ సంవత్సరము మే 25వ తేదీన మాలావత్ పూర్ణ యను బాలికయు, సాధనపల్లి ఆనందకుమార్ అను బాలుడును ఎవరెస్టు శిఖరము నెక్కిరి. వీరు సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలలో చదువుకొనుచుండిన వారు. అప్పటికి పూర్ణ వయస్సు 13 సంవత్సరముల 11 నెలలు. మంచు నెరుగని సీమలో పుట్టిన పిల్లల కిది యెట్లు సాధ్యమయ్యెనో విచారింతము.

ఎత్తునకు పోయినకొలది గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గునని పలువు రనుకొందురు. అది సరికాదు. ఎక్కడనైనను అది నూటికి సుమారు 21 పాళ్లే. తగ్గునది గాలి యొక్క పీడనము. పలుచని నేతలో రంగునూలు పాలు మారకున్నను అంగుళమునకు పోగులు తగ్గును గదా! గాలియు నట్లే. మన వేటపాలెము వంటి సముద్రతీరపు టూళ్లలో పీడనము సుమారు 760 మిల్లీమీటర్ల పాదరసమును నిలుపును. సిక్కిములోని రెనాక్ శిఖరము సుమారు 17,000 అడుగులు. అచట నది యించుమించు సగమే. 8,848 మీటర్ల ఎవరెస్టుపై మూడవవంతు మాత్రమే.

ఈ కొరతను శరీరము మెల్లమెల్లగా సర్దుకొనును. మొదట శ్వాసయు, గుండెకొట్టుకొనుటయు వేగమగును. పిమ్మట కొన్ని వారములలో రక్తమందలి ఎఱ్ఱకణములు వృద్ధిపొందును. దీనిని త్వరపెట్టుటకు ధనముగాని, కండబలముగాని చాలదు. కావుననే పై యిరువురును మొదట భువనగిరి బండపైనను, తరువాత రెనాక్ శిఖరముపైనను, అటుపిమ్మట లడఖ్ చలిలోను శిక్షణ పొంది, తుదకు ఎవరెస్టునకు పోయిరి. మెట్టు మెట్టునకు శరీరమునకు గడువిచ్చిరన్నమాట.

పర్వతారోహకులు పాటించు నియమము లివి: 3,000 మీటర్లు దాటిన పిమ్మట, రాత్రి నిద్రించు స్థలము ముందు రాత్రికంటె 500 మీటర్లకు మించి పైన నుండరాదు. మూడు నాలుగు దినముల కొకనాడు పైకి సాగక విశ్రమింపవలెను. పగలు పైకి పోయినను రాత్రి దిగివచ్చి పరుండుట మేలు.

తలనొప్పి, వాంతి, నిద్రలేమి కలిగినచో పైకి పోరాదు. నడక తూలినను, కూర్చున్నప్పుడే ఊపిరి సలుపకున్నను, మెదడునకో ఊపిరితిత్తులకో నీరు చేరుచున్నదని భావించి, తెల్లవారుదాక ఆగక వెంటనే క్రిందికి దిగవలెను. జాగు చేసినచో ప్రాణమే పోవును.

తలనొప్పిని నాయకునికి చెప్పక దాచుట ధైర్యమని కొందరు తలంతురు. అది ధైర్యము కాదు. తనకును, తనతో నొక త్రాటికి కట్టుకొన్నవారికిని చేయు ద్రోహము. ఉన్నది ఉన్నట్లు చెప్పి దిగివచ్చినవాడు మరియొక యేడు తిరిగి యెక్కగలడు. శిఖర మెక్కడికిని పోదు. తల్లిదండ్రులు తమ పిల్లలను కొండలకు పంపునపుడు బూట్లు, కంబళ్లతోపాటు ఈ యొక్క మాటయు కట్టి పంపుదురుగాక.