వ్యూస్ కొనకండి, రేడియోకు వెళ్లండి

డిగ్రీ చదివే పిల్లలు నలుగురు కలిసి బ్యాండ్ పెట్టుకుంటే ఇంట్లో సాధారణంగా రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "ఆ గిటార్లు మూలన పెట్టి చదువుకో" అన్నది మొదటిది. కాస్త ఉదారంగా ఉండే ఇళ్లలో వినిపించేది రెండోది: "అంత బాగా పాడతావనుకుంటే టీవీ పోటీకి వెళ్లు. గెలిస్తే సినిమాల్లో పాడొచ్చు." పిల్లలకు మొదటి మాట కన్నా రెండోదే ఎక్కువ చేటు చేస్తోందని నా అభిప్రాయం. మొదటి మాటను పిల్లలు ఎదిరిస్తారు. రెండోదాన్ని నమ్మేస్తారు. బ్యాండ్ వదిలేసి ఆడిషన్ల చుట్టూ తిరుగుతారు. రెండేళ్లు గడిచాక చూస్తే సొంత పాట ఒక్కటీ ఉండదు.

టీవీ పోటీలను నేను తప్పు పట్టడం లేదు. 1996లో 'పాడుతా తీయగా' మొదలైనప్పటి నుంచి మంచి గాయకులు ఎందరో ఆ వేదికల మీద నుంచి వచ్చారు. కానీ అవి గాయకుల పోటీలు. ఇంకొకరు రాసి, ఇంకొకరు బాణీ కట్టిన పాటను ఎంత చక్కగా పాడారన్నదే అక్కడ పరీక్ష. బ్యాండ్ పని వేరు. సొంత మాట, సొంత బాణీ, నలుగురూ కలిసి వాయిస్తే పుట్టే సొంత ధ్వని. డ్రమ్స్ వాయించే అమ్మాయికీ, బేస్ వాయించే అబ్బాయికీ ఆ పోటీలో చోటే లేదు. గొంతు ఉన్న ఒక్కరిని లాగేసి మిగతా ముగ్గురిని ఇంటికి పంపే దారిని 'బ్యాండ్‌కు భవిష్యత్తు' అని తల్లిదండ్రులు ఎలా అనుకుంటున్నారో నాకు అర్థం కాదు.

సినిమా తలుపు ముందే తట్టాలన్న నియమం కూడా ఏమీ లేదు. హైదరాబాద్‌కు చెందిన చౌరస్తా బ్యాండ్ జానపదాన్నీ రెగెనీ కలిపి సొంత తెలుగు పాటలతో పేరు తెచ్చుకుంది. ఆ బృందంలో పాడిన రామ్ మిరియాల ఆ తర్వాత 2021లో 'జాతి రత్నాలు'లో చిట్టి పాట పాడారు. 2022లో 'డీజే టిల్లు' టైటిల్ పాటకు బాణీ కట్టి, తానే పాడారు. ముందు సొంత పాట, తర్వాత సినిమా. వరస ఇదీ.

మరి సొంత పాట నలుగురి చెవిన పడేదెలా? ఇక్కడే పిల్లలు రెండో ఉచ్చులో పడుతున్నారు. 'ప్రమోషన్ ప్యాకేజీ' అనే మాట వినని బ్యాండ్ ఈ రోజుల్లో లేదు. పాట విడుదల చేసిన మర్నాటి నుంచే ఇన్‌స్టాగ్రామ్‌లో మెసేజీలు మొదలవుతాయి: ఇంత కడితే ఇన్ని వేల స్ట్రీమ్స్, ఇంత కడితే లక్ష వ్యూస్, ఫలానా ప్లేలిస్టులో చోటు గ్యారంటీ. ఆ వినేది చాలావరకు మనుషులు కాదు, యంత్రాలు. దొంగ స్ట్రీమ్స్ దొరికితే స్పాటిఫై వాటిని లెక్కలోంచి తీసేస్తుంది. 2024 నుంచి అలాంటి పాటకు, దాన్ని స్పాటిఫైకి చేర్చిన డిస్ట్రిబ్యూటర్ మీద జరిమానా కూడా వేస్తోంది. డిస్ట్రిబ్యూటర్ ఆ జరిమానాను మీ మీదకు తోస్తాడు, లేదా మీ పాటనే తీసేస్తాడు. అదే ఏడాది నుంచి ఇంకో నిబంధన కూడా వచ్చింది. గడచిన 12 నెలల్లో 1,000 స్ట్రీమ్స్ దాటని పాటకు అక్కడ రాయల్టీ లెక్క కట్టరు. కొత్త బ్యాండ్ ఆ వెయ్యి దాటాలంటే నిజంగా వినే మనుషులు కావాలి. నాన్న ప్రావిడెంట్ ఫండ్‌లోంచి తీసిన డబ్బు వాళ్లను తెచ్చిపెట్టదు.

ఇదే కోవలో ఇంకో ఖర్చు ఉంది. పాట ఇంకా సరిగ్గా మిక్స్ కూడా కాలేదు, అప్పుడే డ్రోన్ షాట్లతో మ్యూజిక్ వీడియో. ఇంట్లోవాళ్లు అప్పు చేసి మరీ ఇస్తున్నారు. దృశ్యానికి పోసిన డబ్బులో నాలుగో వంతు మంచి మిక్సింగ్‌కు పెడితే ఆ పాట రేడియోలో నిలబడేది. వీడియో రేడియోలో కనబడదు కదా!

ఇప్పుడు రేడియో సంగతి. పిల్లలు చేసే మొదటి పని, తెలిసిన ఆర్‌జేకు వాట్సాప్‌లో పాట పంపి ఎదురుచూడటం. ప్రైవేట్ ఎఫ్‌ఎంలో ఏ పాట వేయాలో చాలా చోట్ల ఆర్‌జే చేతిలో ఉండదు. ప్రోగ్రామింగ్ విభాగం, మ్యూజిక్ మేనేజర్ కలిసి పాటల వరస ముందే ఖాయం చేస్తారు. ఆ వరసలో దాదాపు అన్నీ సినిమా పాటలే. వాళ్ల వ్యాపారం ప్రకటనల మీద నడుస్తుంది, శ్రోత స్టేషన్ మార్చకుండా ఉండాలంటే తెలిసిన పాటే వేయాలని వాళ్ల లెక్క. కాబట్టి అక్కడ ఆర్‌జేను బతిమాలొద్దు. ప్రోగ్రామింగ్ వాళ్లకు పద్ధతిగా ఈమెయిల్ పంపండి, స్వతంత్ర సంగీతానికి ప్రత్యేక కార్యక్రమం గానీ అవార్డు గానీ ఉంటే దానికి దరఖాస్తు చేయండి. రేడియో సిటీ 2013 నుంచి స్వతంత్ర సంగీతకారుల కోసం ఫ్రీడమ్ అవార్డ్స్ నడిపింది. అలాంటి ద్వారాలు తెరుచుకున్నప్పుడు మీ పాట సిద్ధంగా ఉండాలి. అంతకు మించి ప్రైవేట్ ఎఫ్‌ఎం మీద ఆశ పెట్టుకోమని నేను చెప్పను.

నేను ముందు పంపేది కమ్యూనిటీ రేడియోకు. చుట్టుపక్కలవారి కోసం స్థానికంగా నడిచే ఈ చిన్న స్టేషన్ల గురించి మన తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియనే తెలియదు. 2008 అక్టోబరు 15న జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంగం రేడియో మొదలైంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆసరాతో పల్లె దళిత మహిళలే దాన్ని నడిపారు, వాళ్ల పాటలు, వాళ్ల విత్తనాలు, వాళ్ల మాటే అక్కడ కార్యక్రమం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో బోల్ హైదరాబాద్ 90.4 ఉంది. ఈ స్టేషన్ల ట్రాన్స్‌మిటర్ చిన్నది, 10, 15 కిలోమీటర్లు దాటి వినబడదు. అది మీకు లోపం కాదు. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానిక భాగస్వామ్యంతో తయారు కావాలని ప్రభుత్వ నిబంధనే చెబుతోంది. అంటే స్థానిక బ్యాండ్ కోసం వెతకాల్సిన అవసరం వాళ్లకే ఉంది. మీరు పాట తీసుకెళ్తే పాటతో సరిపెట్టరు, కూర్చోబెట్టి మాట్లాడిస్తారు, స్టూడియో చూపిస్తారు. ఆసక్తి ఉంటే ఎడిటింగ్ కూడా చేయనిస్తారు. వారానికి ఒక గంట స్థానిక బ్యాండ్ల కార్యక్రమం మేమే చేస్తామని అడగండి. పిల్లలు ఇలా అడిగి సంపాదించుకున్న గంట, నా దృష్టిలో, డబ్బు కట్టి చేసే ఆరు నెలల ఆర్‌జే కోర్సు కంటే మేలు.

రెండోది ఆకాశవాణి. సినిమా పాట కాని తెలుగు పాటను ఇంటింటికీ చేర్చింది ఆకాశవాణే. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు అక్కడ లలిత సంగీతాన్ని ఒక తరానికి అలవాటు చేశారు. ఇప్పటికీ శాస్త్రీయం, లలితం, జానపదం, పాశ్చాత్య సంగీతం విభాగాల్లో ఆడిషన్లు పెడతారు, నెగ్గినవారికి బి, బి-హై, ఎ, టాప్ అని గ్రేడులు ఇస్తారు, గ్రేడును బట్టి పారితోషికం చెల్లిస్తారు. దరఖాస్తుకు నామమాత్రపు రుసుము మాత్రం ఉంటుంది. 15 నుంచి 30 ఏళ్ల లోపు యువతకు యువవాణి కార్యక్రమం ఉంది, నిబంధనలు మీ కేంద్రంలో కనుక్కోండి. ఉన్న మాట చెప్పాలంటే, ఎలక్ట్రిక్ గిటార్ల మోత మీద నడిచే రాక్ బ్యాండ్‌కు ఈ విభాగాల్లో సులువుగా చోటు దొరకదు. కానీ అదే పాటను ఒక గిటారు, ఒక కాహోన్ (పెట్టెలాంటి తాళవాద్యం), ఒక గొంతుతో పాడగలిగితే లలిత సంగీతం కింద నిలబడొచ్చు. పాటలో సత్తువ ఉందో లేదో మీకే తెలిసిపోయే పరీక్ష ఇది. నేనైతే ప్రతి బ్యాండునూ ఒకసారి ఈ పని చేయమంటాను.

ఇక పాడ్‌కాస్టులు. పెద్ద పేరున్న ఇంటర్వ్యూ పాడ్‌కాస్టులో కూర్చోవాలన్న ఆత్రం ఇప్పుడు కొత్త జబ్బు. అక్కడ కుర్చీకి రేటు చెప్పేవాళ్లూ తయారయ్యారు. వద్దు. మీ ఊరి మీద, సాహిత్యం మీద, వంటల మీద, క్రికెట్ మీద శ్రద్ధగా తెలుగు పాడ్‌కాస్ట్ చేసేవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లందరికీ ఒక సమస్య: మొదట్లో, చివర్లో వేసుకోవడానికి సంగీతం లేదు. సినిమా పాట వాడితే కాపీరైట్ దెబ్బ తగులుతుంది. అక్కడ మీ పాటలోంచి ఇరవై సెకన్లు రాతపూర్వక అనుమతితో ఇవ్వండి. ప్రతి ఎపిసోడ్‌లో బ్యాండ్ పేరు చెప్పాలన్నది ఒక్కటే షరతు. ప్రతి వారం అవే చెవులకు అదే పాట చేరుతుంది. ఒకసారి వచ్చిపోయే ఇంటర్వ్యూ ఈ పని చేయలేదు.

సొంత పాడ్‌కాస్ట్ కూడా కష్టం కాదు. అమెరికాలో హృషికేశ్ హిర్వే 2014లో 'సాంగ్ ఎక్స్‌ప్లోడర్' మొదలుపెట్టాడు. అందులో సంగీతకారుడు తన పాటను పొరలుపొరలుగా విప్పి చూపిస్తాడు, చివర్లో పాట మొత్తం వినిపిస్తారు. తెలుగు బ్యాండ్ ఒక్కో పాటకు పది నిమిషాల చొప్పున ఇలా చేయొచ్చు. ఈ పల్లవి ఎక్కడ పుట్టింది, ఈ డప్పు ఎవరు వాయించారు, ఏ చరణం తీసేశాం. హోస్టింగ్‌ను స్పాటిఫై వంటి సంస్థలే ఉచితంగా ఇస్తున్నాయి. ఎడిటింగ్‌కు ఆడాసిటీ ఉచితం. విదేశాల్లో ఉన్న మన పిల్లలకు ఇంకో మాట. ఆస్ట్రేలియాలో ఎస్‌బీఎస్ తెలుగు ప్రసారం ఉంది. బ్రిటన్‌లో ఉండేవారు బీబీసీ ఇంట్రడ్యూసింగ్‌కు పాటను నేరుగా అప్‌లోడ్ చేయొచ్చు. 2007 నుంచి కొత్త సంగీతకారులకు అది తెరిచిన తలుపు. అమెరికా యూనివర్సిటీల కాలేజీ రేడియోలు విద్యార్థులే నడుపుతారు. మాస్టర్స్‌కు వెళ్లినవారు అక్కడ తెలుగు పాటల గంట అడిగి చూడొచ్చు.

పాటను పంపే తీరు గురించి కాస్త కఠినంగా చెప్పాలి, ఎందుకంటే మన బ్యాండ్లు ఎక్కువగా చెడగొట్టుకునేది ఇక్కడే. వాట్సాప్ ఆడియో పంపొద్దు. డబ్ల్యూఏవీ ఫైలు, దానితోపాటు ఎంపీ3 లింకు పంపండి. ఫైలు పేరు 'ఫైనల్ ఫైనల్ 2' అని కాకుండా బ్యాండ్ పేరు, పాట పేరు ఉండాలి. నిమిషంన్నర వాద్య సంగీతం తర్వాత గొంతు వచ్చే పాటైతే రేడియో కోసం చిన్న వెర్షన్ వేరుగా చేయండి. గొంతు లేని ఇన్‌స్ట్రుమెంటల్ వెర్షన్ కూడా ఉంచుకోండి, పాడ్‌కాస్ట్ వాళ్లు ముందు అడిగేది అదే. వాల్యూమ్ పిండేసి మాస్టర్ చేయకండి. స్ట్రీమింగ్ సంస్థలు శబ్ద స్థాయిని మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ చుట్టుపక్కలకు దించేస్తాయి, ఎఫ్‌ఎం స్టేషన్ తన ప్రాసెసర్‌తో మళ్లీ నొక్కుతుంది. రెండుసార్లు నలిగిన పాటలో డప్పూ డ్రమ్సూ చచ్చిపోతాయి. ఒకసారి మోనోలో, చిన్న ఫోన్ స్పీకర్లో విని చూడండి. అక్కడ గొంతు వినబడకపోతే రేడియోలోనూ వినబడదు. స్పాటిఫైకి పాట పంపేటప్పుడు, వాళ్ల ప్లేలిస్టుల కోసం విడుదలకు కనీసం 7 రోజుల ముందు పిచ్ చేయాలి. బ్యాండ్ గురించి తెలుగులో ఒక పేజీ రాయండి: మీరెవరు, ఏ ఊరు, పాట దేని గురించి. 'సంగీతమే మా ప్రాణం' లాంటి వాక్యాలు ఎవరూ చదవరు.

కాగితాలు ఇంకా ముఖ్యం. పాట ఎవరు రాశారు, ఎవరు కట్టారు, ఎవరి వాటా ఎంత అన్నది నలుగురూ స్నేహంగా ఉన్నప్పుడే రాసి సంతకాలు పెట్టుకోండి. ప్రతి రికార్డింగుకూ ఐఎస్ఆర్‌సీ అనే అక్షరాలు, అంకెలు కలిపి 12 ఉండే కోడ్ ఉంటుంది. డిస్ట్రిబ్యూటర్ ఇచ్చినదాన్ని భద్రపరచుకోండి. పాట రాసినవారు, బాణీ కట్టినవారు ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులు కావచ్చు. 1969 నుంచి ఉన్న ఈ సొసైటీ రచయితల, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేస్తుంది. సభ్యులయ్యాక కొన్ని హక్కులు సొసైటీ చేతిలోకి వెళతాయి గనుక, ఆ తర్వాత పాడ్‌కాస్టులకు ఉచిత అనుమతి ఇచ్చే ముందు వాళ్లనే అడగండి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక, రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను లేబుల్‌కు వదిలేస్తున్నట్టు రాసిచ్చినా చెల్లదు. "సర్వహక్కులు మాకే, రాయల్టీ అడగనని సంతకం పెట్టు, నిన్ను హీరోను చేస్తాం" అనే లేబుల్ ఎదురైతే లేచి వచ్చేయండి.

చదువు మాటకొస్తే, విజయనగరంలో 1919 నుంచి ఉన్న మహారాజా సంగీత కళాశాల మొదలుకొని ప్రభుత్వ సంగీత కళాశాలలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, సౌండ్ కోర్సులకు పుణేలో ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలో ఎస్ఆర్‌ఎఫ్‌టీఐ అనే సినిమా శిక్షణ సంస్థలు ఉన్నాయి, డిగ్రీతో దరఖాస్తు చేయొచ్చు. 'ఉద్యోగం గ్యారంటీ' అని లక్షల ఫీజు చెప్పే ఆర్‌జే, డీజే అకాడమీల్లో చేరేముందు, గత ఏడాది చేరినవాళ్లలో ముగ్గురితో మీరే ఫోన్లో మాట్లాడండి. ఆ నంబర్లు ఇవ్వనంటే ఫీజు కట్టకండి. స్టేషన్లు చూసేది డెమో, గొంతు పరీక్ష, చేసిన పని. కమ్యూనిటీ రేడియోలో చేసిన ఇరవై ఎపిసోడ్లు ఏ సర్టిఫికెట్ కన్నా బలమైన డెమో. బ్యాండులో గడిపిన కాలంలో రికార్డింగ్, ఎడిటింగ్, లైవ్ సౌండ్ నేర్చుకున్నవారికి పాటలు ఆడకపోయినా పని దొరుకుతుంది. ప్రతి పాడ్‌కాస్టుకూ ఎడిటర్ కావాలి, ప్రతి సభకూ సౌండ్ చూసేవాళ్లు కావాలి.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. మార్కులతో ముడిపెట్టి బ్యాండును లాక్కోకండి, ఏడాదిలో పేరు రావాలని గడువూ పెట్టకండి. ఇరవై ఏళ్ల పిల్లలు డిగ్రీ చదువుకుంటూనే వారానికి రెండు సాయంత్రాలు పాట కట్టుకుంటే మీ ఇంటికి వచ్చే నష్టం లేదు. మీరు ఇవ్వాల్సింది లక్షలు కాదు, తలుపు వేసుకుని సాధన చేసుకోవడానికి ఒక గది. పిల్లలూ, మీ జిల్లాలో కమ్యూనిటీ రేడియో ఎక్కడుందో ఈ వారమే వెతికి, ఒక పాట, ఒక పేజీ పంపండి. జవాబు రాకపోతే పది రోజులాగి స్వయంగా వెళ్లి కలవండి. మీ పాట వేయడానికి మిమ్మల్నే డబ్బు అడిగిన చోట మాత్రం పాట ఇవ్వకండి.