మూలుగ మార్పిడి తప్పదా?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. రెండు నెలలుగా ఒంటి మీద కమిలినట్టు మచ్చలు వస్తున్నాయి, చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. మూలుగ పరీక్ష చేసి తీవ్రమైన అప్లాస్టిక్ అనీమియా అన్నారు. ప్లేట్‌లెట్లు 9 వేలు, న్యూట్రోఫిల్స్ 300 ఉన్నాయి. మాది మేనరికం. బాబుకు పదేళ్ల అక్క ఉంది. మూలుగ మార్పిడి అంటే భయంగా ఉంది. మందులతో తగ్గదా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఇది క్యాన్సర్ కాదు. మూలుగలో రక్తకణాలు తయారు కావటం దాదాపు ఆగిపోయింది. చాలామంది పిల్లల్లో ఒంట్లోని రక్షణ కణాలే మూలుగను దెబ్బతీస్తాయి. న్యూట్రోఫిల్స్ 500 లోపు, ప్లేట్‌లెట్లు 20 వేల లోపు ఉన్నాయంటే జబ్బు తీవ్రంగా ఉన్నట్టే. కాబట్టి ఆలస్యం చేయొద్దు.

ముందు రెండు పరీక్షలు చేయించండి. మొదటిది ఫాంకోని అనీమియా కోసం చేసే క్రోమోజోమ్ పరీక్ష. వంశపారంపర్యంగా వచ్చే ఈ జబ్బు మేనరికంలో ఎక్కువ. బిడ్డ పైకి మామూలుగానే కనిపించవచ్చు. ఇది ఉంటే రక్షణ కణాలను అణిచే మందులు పనిచేయవు. మార్పిడికి ముందు ఇచ్చే మందుల మోతాదూ బాగా తగ్గించాలి. అప్పుడు అక్కకూ ఈ పరీక్ష తప్పనిసరి. రెండోది అక్క మూలుగ బాబుకు సరిపోతుందో లేదో చూసే హెచ్‌ఎల్‌ఏ పరీక్ష. అక్క మూలుగ పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు.

సరిపోతే మార్పిడే మొదటి ఎంపిక. పిల్లల్లో ఫలితాలు చాలా బాగుంటాయి. అక్క ఇచ్చిన మూలుగ కొద్ది వారాల్లోనే మళ్లీ తయారవుతుంది. అయితే కొందరిలో కొత్త మూలుగ నిలవకపోవచ్చు. లేదా అది బిడ్డ చర్మం, పేగులు, కాలేయంపై దాడి చేయవచ్చు. ఇన్ఫెక్షన్ల ముప్పు కూడా కొన్ని నెలలు ఉంటుంది.

సరిపోకపోతే, ఫాంకోని అనీమియా లేదని తేలితే, రక్షణ కణాలను అణిచే ఏటీజీ, సైక్లోస్పోరిన్ మందులతో చికిత్స చేస్తారు. కొందరికి ఎల్ట్రాంబోపాగ్ కలుపుతారు. ఫలితం కనిపించటానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. సైక్లోస్పోరిన్ వాడినంత కాలం బీపీ, కిడ్నీ పరీక్షలు చేయిస్తుండాలి. జబ్బు తిరగబెట్టవచ్చు. ఏళ్ల తర్వాత కొద్దిమందిలో రక్త క్యాన్సర్‌గా మారవచ్చు. మందులు పనిచేయకపోతే బయటి దాత నుంచి గానీ, సగం సరిపోయే మీ దంపతుల్లో ఒకరి నుంచి గానీ మార్పిడి చేయవచ్చు.

ఈలోగా మీరు గానీ, రక్తసంబంధీకులు గానీ బాబుకు రక్తం ఇవ్వకండి. ఇస్తే రేపు మీ వాళ్ల మూలుగను బాబు శరీరం తిప్పికొట్టే ప్రమాదం పెరుగుతుంది. తెల్లకణాలు వడపోసి, రేడియేషన్ ఇచ్చిన రక్తమే ఎక్కించమని అడగండి. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు. కండకు ఇంజెక్షన్లు వద్దు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రైనా సరే, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అక్క హెచ్‌ఎల్‌ఏ పరీక్ష మాత్రం ఈ వారమే చేయించండి. మార్పిడా, మందులా అన్నది ఆ రెండు పరీక్షలను బట్టే తేలుతుంది.