మనసుకు వైద్యం చేయాలంటే ఏ కోర్సు చదవాలి?

సైకాలజీ డిగ్రీ అయ్యాక సైకోథెరపీ వైపు వెళ్లాలని నాకుంది. మన క్లాసులో ఇంకొందరికీ ఉంది. అందుకే నేను తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక తేడా. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. పరీక్షలు చేసి, మాటలతో చికిత్స చేస్తారు. మనకున్నది ఈ రెండో దారి.

"సైకోథెరపిస్ట్" అన్న పేరుకు మన దేశంలో విడిగా రిజిస్ట్రేషన్ లేదు. చట్టం గుర్తించేది క్లినికల్ సైకాలజిస్టును. 1992 చట్టం ప్రకారం వాళ్లు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి. సైకాలజీలో పీజీ, ఆపైన రెండేళ్ల ఎం.ఫిల్. ఇన్నాళ్లూ ఉన్న ముఖ్యమైన దారి. ఆ రెండేళ్లు పూర్తికాలం చదవాలనీ, పెద్దల పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణ ఉండాలనీ 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. అయితే యూజీసీ 2022లో ఎం.ఫిల్.ను ఆపేసింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 వరకు గడువిచ్చింది. కాబట్టి సీనియర్లు చదివిన కోర్సే మనకూ ఉంటుందనుకోకూడదు.

మా ఇంట్లో ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి చేసెయ్యమంటున్నారు. ఫీజు తక్కువ, ఊరు వదలక్కర్లేదు. వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. కానీ పర్యవేక్షణ లేని చదువుతో ఒకరి కష్టం వినడానికి కూర్చోవాలంటే నాకు భయం. "గుండెల్లో బరువుగా ఉందమ్మా" అని ఒకావిడ అంటే అది గుండె జబ్బా, దిగులా, ఎవరికీ చెప్పుకోలేని మాటా? నేను సరిగ్గా విన్నానో లేదో తర్వాత అడిగి సరిదిద్దే మనిషి ఒకరుండాలి.

భాష సంగతీ ఉంది. దిగులు, బెంగ, గుబులు, ఈ మూడూ ఒకటి కావని తెలుగిళ్లలో పెరిగిన మనకు తెలుసు. "డిప్రెషన్" అని రాసేస్తే ఆ తేడా పోతుంది. ఇక్కడ చెన్నైలో శిక్షణంటే ఎక్కువగా తమిళంలో వినాలి. అందులోనూ ఇలాంటి మాటలు నేర్చుకోక తప్పదు.

అందుకని ఏ కాలేజీకి దరఖాస్తు పెట్టినా నేను మూడు అడుగుతాను. కౌన్సిల్ జాబితాలో ఈ ఏడాది ఆ కోర్సు ఉందా? వారానికి ఎంతమందిని చూడనిస్తారు, ఆ తర్వాత ఎవరితో చర్చించాలి? అక్కడికొచ్చేవాళ్లు ఏ భాషలో మాట్లాడతారు? వీటికి సూటిగా జవాబు దొరికాకే ఫీజు కట్టాలి. మీరూ అడగండి.